3, 4, 5 తరగతుల పిల్లలు సొంతంగా చదివే సాహస కథ ఎట్ల రాయాలె, ఎట్ల అచ్చేయాలె?

మల్లేపల్లి బడి

అందరికి నమస్తే. దేవరకొండ దిక్కు ప్రాథమిక పాఠశాలలల్ల పరిస్థితి ఇది. పదహారు పేజీల బొమ్మల పుస్తకం ఇస్తే పిల్లలు బెల్లు కొట్టేలోపు చదివి పక్కన పెడుతున్నరు. అదే పిల్లలకు నూరు పేజీల బాలల నవల ఇస్తే రెండో పేజీలనే మూస్తున్నరు. ఈ రెంటి నడుమ సరుకు కావాలె. చిన్న అధ్యాయాలు, కొద్దిగ బొమ్మలు, గుహనో దొంగనో దారి తప్పుడో ఏదో ఒక సాహసం ఉండాలె. తెలుగుల ఇసొంటివి బాగ తక్కువ. అందుకే కొందరు టీచర్లం కలిసి, మన జాగలల్ల నడిచే కథ ఒకటి రాసి అచ్చేద్దామనుకుంటున్నం.

ఎన్ని మాటలు? ఎన్ని అధ్యాయాలు? అక్షరం ఎంత పెద్దగ ఉండాలె? మన మాట పెట్టాలా, పాఠ్యపుస్తకం మాట పెట్టాలా? లెక్కలతోటి చెప్పుండ్రి. "పిల్లల మనసుతో రాయండి" అన్న జవాబులు మాత్రం ఒద్దు, దండం పెడత.

గుణింతం

మాటల లెక్క ఇంగ్లీషు పుస్తకాల నుంచి తెచ్చుకోకండి సార్. అక్కడ ఈ రకం పుస్తకం ఆరు వేల నుంచి పది వేల మాటల దాకా ఉంటుంది. మనకు విభక్తి మాటకే అతుక్కుంటుంది. "పాత కోటలోంచి పరిగెత్తాడు" అంటే మనకు మూడు మాటలు, ఇంగ్లీషులో ఏడవుతాయి. కాబట్టి అదే కథ తెలుగులో తక్కువ మాటల్లో వస్తుంది, ఒక్కో మాట మాత్రం బరువుగా ఉంటుంది.

చదివే వేగం నుంచి వెనక్కి లెక్క కట్టండి. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో 3వ తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థమయ్యేలా చదవాలని ఉంది. 2022 ఆగస్టులో మన రాష్ట్ర బడుల్లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా అదే దారి. కానీ కొత్త పుస్తకం, తెలియని కథ అనేసరికి వేగం పడిపోతుంది. 50 అనుకుందాం. 450 మాటల అధ్యాయానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది. ఇప్పుడిప్పుడే సొంతంగా చదివే పిల్లకు ఒక్క విడతకు అది చాలు. ఇలాంటివి ఎనిమిది అధ్యాయాలు, మొత్తం 3,600 మాటలు. మొదటి పుస్తకానికి అంతకు మించొద్దు.

అసలు చిక్కు మాటల సంఖ్యలో లేదు, అక్షరాల దగ్గర ఉంది. ద్విత్వాలు (అమ్మ, పిల్లి, గుట్ట) ఈ పిల్లలకు ఇబ్బంది కాదు. చంద్రుడు, పుస్తకం లాంటి సంయుక్తాలు కూడా నడుస్తాయి. శాస్త్రం, రాష్ట్రం వంటి మూడు హల్లుల మాటలు పేజీకి ఒకటి చాలు, రెండైతే ఎక్కువే. వీటన్నిటికన్నా ఎక్కువగా ఆపేది పొడుగు మాట. ఐదు అక్షరాలు దాటిన మాట దగ్గర పిల్ల వేలు ఆగుతుంది, ఏడు దాటితే మొదటి సగం మరిచిపోతుంది. సంధి చేసి అతికించే అలవాటు మన రచయితలకు గట్టిగా ఉంది. "చెట్టెక్కిందనుకున్నాడు" అని రాస్తారు. "చెట్టు ఎక్కింది అనుకున్నాడు" అని విడదీస్తే ఏ వ్యాకరణమూ చెడదు.

పేర్ల దగ్గరా జాగ్రత్త. ఆ పేరు పుస్తకంలో రెండు వందల సార్లు వస్తుంది, ప్రజ్ఞేశ్ అని పెడితే రెండు వందల సార్లు తట్టుకుంటారు. రాజు, మల్లి, గౌసు, లచ్చి చాలు. ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు ఇద్దరికి పెట్టకండి. ఈ దశలో పిల్లలు పేరును మొదటి అక్షరం చూసి పట్టేస్తారు. మల్లి, మైసమ్మ ఒకే కథలో ఉంటే ఎవరు బావిలో దిగారో తేలదు. మ, య, వ, ప ఆకారాలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి వాసు, పాషా జంట కూడా మంచిది కాదు.

అచ్చుకూటం

గుణింతం గారి 3,600 మాటలు పట్టుకుని పేజీలు చెప్తా. డెమ్మీలో ఎనిమిదో వంతు, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదున్నర ఎత్తు. అక్షరం 18 పాయింట్లు, వరసకు వరసకు 28 పాయింట్లు. అంచులు పోను పేజీకి 17 వరసలు, వరసకు ఐదు మాటలు, మొత్తం 80–85 మాటలు పడతాయి. 3,600 మాటలకు 44 పేజీలు. ప్రతి అధ్యాయం మొదట్లో సగం పేజీ ఖాళీ అనుకుంటే ఇంకో నాలుగు. బొమ్మలకు పన్నెండు. టైటిల్ పేజీ, ప్రచురణ వివరాలు, మ్యాపు, చివరి పేజీ కలిపి నాలుగు. అన్నీ కలిపితే 64. పదహారు పేజీల ఫారాలు సరిగ్గా నాలుగు, కాయితం వృథా లేదు. 66 పేజీలు వచ్చాయంటే మిగిలిన రెండు పేజీల కోసం ఇంకో ముక్క ఫారం ఎక్కించాలి, ఖర్చు అక్కడ పెరుగుతుంది. అప్పుడు బొమ్మ తగ్గించండి, అక్షరం మాత్రం తగ్గించకండి.

వరసల మధ్య 28 పాయింట్లు ఎందుకంటే, మన ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పై వరసలో "స్త్రీ", కింది వరసలో "కీ" ఎదురెదురు పడితే రెండూ తాకుతాయి. పెద్దవాళ్లు గమనించరు, పిల్లలకు అది కొత్త అక్షరంలా కనిపిస్తుంది.

వరసలను రెండు వైపులా సమంగా లాగొద్దు, ఎడమకు ఆనించి వదిలేయండి. తెలుగు మాటలు పొడుగు కాబట్టి చిన్న వరసను లాగితే మాటల నడుమ గోతులు పడతాయి. మాటను మధ్యలో విరిచి కింది వరసకు పంపడం అయితే అసలే వద్దు. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు పేరాగ్రాఫ్ అమరికలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. పాఠానికి మండలి లాంటి యూనికోడ్ ఖతి (ఫాంటు), శీర్షికలకు రామభద్ర సరిపోతాయి. యూనికోడ్ కాని అను ఖతుల్లో టైపు చేసిన ఫైలును యూనికోడ్‌కు మార్చితే మాత్రం మొదటి అక్షరం నుంచి చివరి దాకా మళ్లీ ప్రూఫు చూడాల్సిందే.

కాయితం 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు), మ్యాప్‌లితో రకం. 60 తీసుకుంటే వెనక పేజీ బొమ్మ ఇవతలికి కనిపిస్తుంది. అట్టకు 300 జీఎస్ఎం ఆర్టు కార్డు, పైన మ్యాట్ లామినేషన్. బైండింగు సెంటర్ పిన్నే, అంటే నడుమ మడతలో పిన్ను కొట్టడం. 64 పేజీలకు పర్ఫెక్ట్ బైండింగు (వెన్నుకు గమ్ము పెట్టి అతికించేది) చేయిస్తే వెన్ను మూడు మిల్లీమీటర్లే ఉంటుంది, గమ్ముకు పట్టు దొరకదు. పిల్లలు పుస్తకాన్ని వెనక్కి మడిచి చదువుతారు, నెల తిరక్కముందే నడుమ పేజీలు ఊడి వస్తాయి.

పిల్లలమర్రి నీడ

లెక్కలు మంచిగున్నయి. కథ సంగతి నేను చెప్త.

ఈ పుస్తకంల ఒకటే సమస్య ఉండాలె, అది మొదటి అధ్యాయంలనే పడాలె. రెండో కథ, పక్క కథ, తాత చెప్పిన పాత కథ, ఇవన్ని పెద్ద నవలకు దాచిపెట్టుకోండ్రి. పాత్రలు ముగ్గురు, మహా అంటే నలుగురు. ప్రతి అధ్యాయంల ఒక్క ప్రయత్నం జరగాలె, అది తప్పాలె, లేకుంటే సగమే పలించాలె. చివరి మూడు వాక్యాలల్ల కొత్త సంగతి ఒకటి బయటపడాలె. ఆడనే ఆపాలె.

ఆపుడు కూడా అన్ని అధ్యాయాలకు ఒక్క తీరు పెట్టొద్దు. "అంతలో వెనక నుంచి ఒక చెయ్యి భుజం మీద పడింది" అని ఎనిమిది సార్లు రాస్తే మూడో చెయ్యికే పిల్లలు నవ్వుతరు. ఒకసారి ప్రమాదంల ఆపుండ్రి. ఒకసారి ప్రశ్నల ఆపుండ్రి. ఇంకోసారి తప్పుడు నిర్ణయంల ఆపుండ్రి, అంటే వాడు ఎడమ దారి పట్టిండు, చదివే పిల్లకు కుడి దారే సరైందని తెలుసు. ఈ మూడోది అన్నిటికన్న గట్టిగ లాగుతది. నాలుగో అధ్యాయం చివర్ల ఒకసారి ఊపిరి పీల్చుకోనియ్యాలె, ఆడ అన్నం తినొచ్చు, నిద్ర పోవచ్చు.

స్థలం గురించి. కోట అంటే ఏ కోటైన ఒకటే అన్నట్టు రాయొద్దు. ఆ జాగ లేకుంటే కథే నడవద్దు, గట్ల ఉండాలె. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి తీసుకోండ్రి. సుమారు మూడెకరాలల్ల పరుచుకున్న మర్రి, ఊడలు దిగి మానులైనయి, ఏది అసలు మానో చూడంగనే తెల్వది. "అసలు మాను మొదట్లో దాచిన" అని చీటీ దొరికితే కథ దానంతటదే నడుస్తది. 2018ల చెదలు పట్టిన ఈ చెట్టుకే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిన్రు. పిల్లలకు అది దొంగల పని లెక్క కనబడొచ్చు, తర్వాత సంగతి తెలుస్తది.

వనపర్తి దిక్కు సరళాసాగర్ ప్రాజెక్టు ఇంకా మంచిది. ఆడ సైఫన్లు ఉన్నయి. నీళ్లు నిండు మట్టానికి రాంగనే ఎవరూ గేటు ఎత్తకుండనే వాటంతట అవే దుంకుతయి. కథల పిల్లలు వాగు దాటి అవతలికి పోయిన్రు, తిరిగొచ్చేసరికి వాగు నిండింది. "నీళ్లు ఇడిసింది ఎవడు?" అని నాలుగు అధ్యాయాలు వెతుకుతరు. ఎవడూ లేడు. విలన్ లేకుండ గింత మంచి మలుపు ఎక్కడ దొరుకుతది? 2019 డిసెంబర్ 31 నాడు కట్ట తెగింది గూడ. గది మాత్రం మొదటి పుస్తకంల పెట్టకుండ్రి, బరువైతది.

కొత్త చందాదారు

ఇంగ్లీషులో ఇలాంటి వరస పుస్తకాలు బోలెడున్నాయి కదా. ఫోనులో అనువాదం కొట్టి బడిలో వాడుకుంటే సరిపోదా?

లైబ్రరీ కౌంటర్

సరిపోదండి. మన దేశంలో రచయిత బతికి ఉన్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కులుంటాయి. అనువాదం కూడా ఆ హక్కుల్లోదే. అనుమతి లేకుండా అచ్చేయకూడదు. అనువదించుకోవడానికే కావాలంటే స్టోరీవీవర్ ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో పెట్టిన వేదిక, ఎక్కువ కథలు సీసీ బై 4.0 లైసెన్సు కింద ఉన్నాయి. రచయిత, బొమ్మలు వేసినవారు, అనువాదకుల పేర్లు, లైసెన్సు వివరం వేస్తే అచ్చేసుకోవచ్చు, మార్పులు చేస్తే ఆ సంగతి కూడా రాయాలి. చదివే స్థాయిలు నాలుగు ఉంటాయి. మీకు కావలసింది మూడు, నాలుగు.

ఫోను అనువాదం సంగతి, హక్కులు పక్కన పెట్టినా, "అతను తన తలను తన చేతుల్లోకి తీసుకున్నాడు" లాంటి వాక్యాలు తెస్తుంది. పిల్లలు చదివి నిజంగానే తల ఊడిందనుకుంటారు.

మల్లేపల్లి బడి

అందరికి ధన్యవాదాలు. యాస సంగతి ఎవరూ చెప్పలే. మా టీచర్లల్ల ఇద్దరు పూర్తిగ మన మాటలనే రాయాలంటున్నరు, ఒకరు అసలే ఒద్దంటున్నరు.

తుంగభద్ర ఒడ్డు

మన మాట అంటే ఎవరి మాట సార్? నల్లగొండ మాట వేరే, నారాయణపేట మాట వేరే. మా అలంపూర్ దిక్కు కర్నూలు గాలి తగుల్తది, "యాడికి పోతుండావు" అంటం. కథనం పిల్లలకు పాఠ్యపుస్తకంల అలవాటైన భాషల పెట్టి, మాట్లాడుకునే చోట్ల మాత్రం ఊరి మాట పెట్టుండ్రి. కథ దేవరకొండల నడిస్తే దేవరకొండ మాటే, అన్ని జిల్లాలది కలిపి కిచిడి చేయొద్దు.

ఇంకొకటి, నలుగురు రాస్తున్నరు కాబట్టి నాలుగు తీర్ల వస్తది. ఒకరు "చెప్పిండు", ఒకరు "జెప్పిండు", ఇంకొకరు "చెప్పిన్డు" అని రాస్తరు. కొత్తగ చదివే పిల్లకు అవి మూడు వేరు వేరు మాటలు. రాసుడు మొదలు పెట్టకముందే ఒక కాయితం మీద ముప్పై నలభై క్రియలు రాసుకుని, ఒక్కోదానికి ఒక్క వర్ణక్రమం ఖాయం చేయాలె. ప్రూఫు చూసేటోళ్ల చేతిల ఆ కాయితం ఉండాలె.

గుణింతం

ఒక మాట కలుపుతాను. యాస పెడితే చదవడం కష్టమవుతుందని చాలామంది అనుకుంటారు, చాలా చోట్ల తిరగబడి ఉంటుంది. "వస్తున్నాడు" కన్నా "వస్తుండు" పొట్టి. "వెళ్దామా" కన్నా "పోదమా" తేలిక. పిల్ల చెవికి ముందే తెలిసిన మాట కాబట్టి సగం చదివేసరికి మిగతాది తనే పూర్తి చేస్తుంది. యాసను అడ్డుకునేవారి వాదనలో ఈ లెక్క నాకెక్కడా కనిపించలేదు.

కానీ సంభాషణకు సంభాషణకు నడుమ "అన్నాడు రాజు", "అడిగింది లచ్చి" తప్పకుండా ఉండాలి. వరసగా మూడు సంభాషణలు పేరు లేకుండా వస్తే ఎవరు మాట్లాడుతున్నారో ఈ దశ పిల్లలకు అందదు. విసుగనిపించినా సరే, "అన్నాడు" చాలు. "గర్జించాడు, హుంకరించాడు, ఉద్ఘాటించాడు" వద్దు.

మల్లేపల్లి బడి

ఒక నమూనా వాక్యం పెడుతున్న, కోసి చూపెట్టుండ్రి:

"చీకట్లు ముసురుకుంటున్న సమయంలో దేవరకొండ దుర్గంలోని శిథిలమైన బురుజుపైకెక్కిన సాత్విక్, అక్కడెవరో తచ్చాడుతున్నట్లనిపించడంతో నిశ్శబ్దంగా రాతిగోడవెనుక నక్కి చూడసాగాడు."

గుణింతం

పద్నాలుగు మాటలకు వాక్యం ముగించే క్రియ ఒకటే, అదీ చిట్టచివర. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి ముందున్నదంతా పిల్ల బుర్రలో పట్టుకుని నడవాలి. "తచ్చాడుతున్నట్లనిపించడంతో" ఒక్కటే పదకొండు అక్షరాలు. ఇలా చేస్తాను:

"పొద్దు గూకుతోంది. రాజు బురుజు ఎక్కాడు. ఎవరిదో అడుగుల చప్పుడు! రాజు గోడ వెనక దాక్కున్నాడు. మెల్లగా తల బయటికి పెట్టాడు. గోడ అవతల ఒక లాంతరు వెలుగుతోంది. లాంతరు పక్కన ఎవరూ లేరు."

మాటలు 25 అయ్యాయి, అయినా చదవడానికి పట్టే సమయం తగ్గుతుంది. "శిథిలమైన" తీసేశాను. బురుజు పాడుబడిందని బొమ్మ చెప్తుంది.

పిల్లలమర్రి నీడ

లాంతరు మంచిగొచ్చింది. కానీ గుణింతం సార్, ఏడు వాక్యాలు ఒకటే పొడుగు, టక్కు టక్కుమని టెలిగ్రాం లెక్క ఉన్నది. పుస్తకం మొత్తం గిట్లనే ఉంటే పిల్లలు కథ చదువుతరా, లిస్టు చదువుతరా? "రాజు గోడ వెనక దాక్కుని, మెల్లగా తల బయటికి పెట్టాడు" అని రెండు పనులు కలపొచ్చు.

గుణింతం

ఒప్పుకుంటాను. ఒక వాక్యంలో "దాక్కుని, పెట్టి, చూసి" లాంటివి ఒకటి దాకా పర్వాలేదు, ఐదో తరగతికి రెండు. అవి జరిగిన వరసలోనే రావాలి. "పరిగెత్తే ముందు చూసిన" లాంటి వెనక్కి తిరిగే వాక్యాలు ఈ పుస్తకంలో వద్దు. పొట్టి వాక్యాలు ప్రమాదం ఉన్నచోట, కలిపిన వాక్యాలు నడక, తిండి ఉన్నచోట పెడితే మీరన్న లిస్టు బాధ పోతుంది.

డిండి వాగు

సాహస కథలల్ల నిజాల తప్పులు మస్తు ఉంటయి. పిల్లలు పట్టుకుంటరు, పట్టుకుంటే ఇగ పుస్తకాన్ని నమ్మరు.

చంద్రుడి తోటి మొదలు పెడత. "అర్ధరాత్రి తూర్పున నెలవంక" అని రాస్తరు. నెలవంక పొద్దు గూకినంక పడమట కనబడి, కాసేపటికే మునుగుతది. శుద్ధ అష్టమి చంద్రుడు అర్ధరాత్రి దాకనే ఉంటడు. తెల్లందాక వెన్నెల కావాలంటే పున్నమి పెట్టుండ్రి. నల్లమల అడవిల సలేశ్వరం జాతర చైత్ర పున్నమికే, అడవిల రాత్రి నడక సీనుకు అది సరిపోతది. కథ ఏ తిథి నాడు మొదలైందో కాయితం మీద రాసుకుంటే ఎనిమిది అధ్యాయాలకు చంద్రుడు తప్పడు.

అడవి. మన్ననూరు దాటినంక శ్రీశైలం రోడ్డు పులుల రిజర్వు నడుమ నుంచి పోతది, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక బండ్లను పోనియ్యరు. "రాత్రి పన్నెండుకు మామ జీపుల వచ్చి కాపాడిండు" అని రాస్తే కుదరదు. అదే గేటును కథకు వాడుకోవచ్చు, తొమ్మిదిలోపు బయట పడాలె అని గడియారం పెట్టినట్టైతది. చెంచులను దారి చూపి మాయమయ్యే మనుషుల లెక్క, మంత్రాల మనుషుల లెక్క రాయొద్దు. చెంచు పిల్లను ముగ్గురు హీరోలల్ల ఒకరిని చేయుండ్రి, ఆమెకు బడి, ఇల్లు, కోపం అన్ని ఉండాలె.

సాగర్ లాంచీ కథ రాసేటోళ్లకు: నాగార్జునకొండ ద్వీపం ఆంధ్రప్రదేశ్ దిక్కు లెక్క. మ్యాపుల తప్పు పడొద్దు.

నీళ్ల సంగతి అన్నిటికన్న ముఖ్యం. మన పిల్లల చుట్టు కాలువలు, క్వారీ గుంతలు, వ్యవసాయ బాయిలు ఉన్నయి. సిమెంటు లైనింగు చేసిన ఏఎంఆర్పీ (అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) లాంటి కాలువల గోడ ఏటవాలుగ, పాకురు పట్టి ఉంటది, ఈత వచ్చినోడు గూడ పట్టు దొరకక ఎక్కలేడు. కథల పిల్లగాడు దుంకి ఇంకొకరిని కాపాడిండు అని రాయనే రాయొద్దు, చదివినోడు చేసి చూస్తడు. ఒడ్డు మీద బోర్ల పడుకుని తువ్వాలనో కట్టెనో అందియ్యాలె, ఒకరు పెద్దోళ్ల కోసం ఉరకాలె. కాపాడుడు ఇట్లనే రాయుండ్రి. ఉత్కంఠ ఏం తగ్గదు.

చేసి చూడదగ్గ పనులు పెడితే సరిగ్గ పని చేసేటివే పెట్టుండ్రి. సూదితోటి దిక్సూచి చేసుడు మంచిది: సూదిని అయస్కాంతం మీద ఒకే దిక్కు ముప్పై నలభై సార్లు రుద్దాలె, ఆకు మీద పెట్టి నీళ్లల్ల తేల్చాలె. ముందుకు ఎనకకు రుద్దితే పని చేయదు. ఇనుప గిన్నెల పెడితే తప్పు దిక్కు చూపెడతది, ప్లాస్టిక్ గిన్నె తీసుకోవాలె. ఉత్తర దక్షిణాల గీత తెలుస్తది గని ఏ కొస ఉత్తరమో సూది చెప్పదు, పొద్దు చూసి తేల్చాలె. ఆ సగం తెల్వకపోవుడే ఒక అధ్యాయానికి ముడి.

ఇంకొకటి, నల్లగొండ కథ అనంగనే ఫ్లోరైడ్ గోస, పాలమూరు కథ అనంగనే వలస గోస రాయుడు కొంచెం ఆపుదాం. అవి రాయాల్సినయే, ఈ పుస్తకంల కాదు.

బొమ్మలపెట్టె

64 పేజీలకు అర పేజీ బొమ్మలు పదహారు, నిండు పేజీ బొమ్మలు నాలుగు వేసుకుంటే అచ్చుకూటం అన్న చెప్పిన పన్నెండు పేజీల్లో సరిపోతాయి. నలుపు గీత బొమ్మలే చేయండి, నీటి రంగుల బూడిద వద్దు. మ్యాప్‌లితో మీద బూడిద రంగు మురికిలా వస్తుంది. గీత బొమ్మను 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలు) తక్కువ కాకుండా స్కాన్ చేయాలి, 300 చేస్తే అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి.

ఎక్కువ పుస్తకాల్లో పాడయ్యేది బొమ్మ పెట్టే చోటు. లాంతరు పక్కన ఎవరూ లేరన్న వాక్యం కుడి పేజీ చివర ఉంది అనుకోండి. ఎదురుగా ఎడమ పేజీలో లాంతరు బొమ్మ పడితే పిల్ల ముందే చూసేస్తుంది. పేజీ తిప్పాక రావాలి. కాబట్టి అధ్యాయం ఆగే చోటు కుడి పేజీలో పడేలా, బయటపడే సంగతి తర్వాతి ఎడమ పేజీలో ఉండేలా పేజీలు కట్టించుకోండి. దీనికి రచయిత పది మాటలు కోయడమో కలపడమో చేయాల్సి వస్తుంది, అలగొద్దు.

ప్రతి పాత్రకు మారని గుర్తు ఒకటి ఉండాలి: ఒకరికి రెండు జడలు, ఒకరికి మెడలో తువ్వాల, ఒకరికి పెద్ద చొక్కా. నలుపు తెలుపులో చొక్కా రంగు పనికిరాదు.

లైబ్రరీ కౌంటర్

పుస్తకం వచ్చాక అల్మారాలో పెడితే ఎవరూ తీయరు. సెంటర్ పిన్ పుస్తకానికి వెన్ను ఉండదు, పేరు కనిపించదు. అట్ట ముందుకు కనిపించేలా తాడు మీదో, పలక స్టాండు మీదో పెట్టాలి.

మొదటి అధ్యాయం టీచర్ పైకి చదవాలి, రెండోది సగం చదివి ఆపాలి. మిగతాది ఎవరికి వారు. ఆ తర్వాత ప్రశ్నలు, సారాంశం రాయించడం, కొత్త మాటల అర్థాలు అడగడం పెడితే మూడో అధ్యాయంతో పుస్తకం చచ్చిపోతుంది. "తర్వాత ఏమవుతుంది?" అని ఒక్కటి అడగండి.

ఏ పిల్లకు సరిపోతుందో చూడాలంటే మధ్యలోంచి 80 మాటల పేజీ ఒకటి చదివించండి. నాలుగు తప్పుల దాకా అయితే ఇచ్చేయండి. ఐదు నుంచి ఎనిమిది అయితే పక్కన జత పిల్లను కూర్చోబెట్టండి. ఎనిమిది దాటితే ఇప్పుడే వద్దు. పిల్ల ముందు తప్పులు లెక్కపెడుతున్నట్టు కనిపించకూడదు, మీ దగ్గర ఇంకో ప్రతి పెట్టుకుని పెన్సిల్ చుక్క పెట్టుకోండి.

అచ్చుకూటం

చివరిగా ప్రెస్సుకు ఇచ్చే ముందు. ఐదు ప్రతులు డిజిటల్‌లో తీయించి, పిన్ను కొట్టించి పిల్లలకు ఇవ్వండి. చుక్కలు ఎక్కువ పడ్డ మాటలు మార్చి అప్పుడు అసలు అచ్చుకు పోండి. రెండు మూడు వందల ప్రతులు అయితే సాధారణంగా డిజిటలే నయం, వెయ్యి అయితే ఆఫ్‌సెట్. ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకం గుర్తింపు నంబరుకు, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి, రుసుము లేదు. ఎవరైనా మధ్యలో డబ్బులు అడిగితే ఇవ్వకండి. అట్ట అచ్చయ్యే ముందే నంబరు చేతికి రావాలి, తర్వాత స్టిక్కరు అంటిస్తే పిల్లలు గీకేస్తారు.

మల్లేపల్లి బడి

నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం తోటి మొదలు పెడదామని ఖాయం చేసినం. గర్భగుడిల పొద్దంత కదలని స్తంభం నీడ. పొద్దు కదులుతుంటే నీడ ఎందుకు కదలదు అన్నదే మొదటి అధ్యాయం చివరి ప్రశ్న. ఏడో అధ్యాయంల పిల్లలు అట్టముక్కలతోటి చిన్న గుడి చేసి, పక్కల నుంచి వెలుగు చెదిరి వచ్చేటట్టు పెట్టి వాళ్లే తేల్చుకుంటరు. బొమ్మలపెట్టె అక్కా, మీకేం పంపాలె?

బొమ్మలపెట్టె

మండపం నాలుగు దిక్కుల నుంచి ఫొటోలు, ప్రతి దాంట్లో ఒక పిల్లవాడు నిలబడి ఉండాలి, స్తంభం ఎత్తు తెలియడానికి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే చోటు నుంచి తీయండి. లోపల ఫ్లాష్ కొట్టకండి, నీడ పోతుంది. గర్భగుడి ఫొటోకు పూజారి గారిని ముందే అడగండి, వద్దంటే చేత్తో గీసుకున్న కొలతల చిత్రం చాలు. మ్యాపుకు గుడి, ఉదయసముద్రం చెరువు కట్ట, బస్సు దిగే చోటు, మూడూ అడుగుల లెక్కన దూరం వేసి పంపండి. అట్టముక్కల గుడి ముందు మీరు చేసి చూసి, నీడ వచ్చిందో లేదో చెప్పండి. అది రాకపోతే ఏడో అధ్యాయం బొమ్మ నేను వేయలేను.